గెయిన్ తప్పితే కంప్రెసర్ కాపాడలేదు

సంపాదకులకు నమస్కారం.

వక్త మాట వెనక వరసలకు అందలేదనీ, మైకు కూతపెట్టి చెవులు హోరెత్తించిందనీ, ఆన్‌లైన్ ప్రసారంలో ఒకరి గొంతు పగిలినట్టూ మరొకరిది నూతిలోంచి వచ్చినట్టూ ఉందనీ పాఠకులు పత్రికలకు రాస్తూనే ఉంటారు. దానికి దొరికే సలహా దాదాపు ఎప్పుడూ ఒకటే: మంచి మైకు కొనండి, పెద్ద స్పీకర్లు పెట్టండి. ఈమధ్య ఇంకో సలహా కూడా వినపడుతోంది: కంప్రెసర్ (గట్టి సౌండ్‌ను దానంతట అదే తగ్గించే సాధనం) వేయండి, అన్నీ అవే సర్దుకుంటాయి. మొదటి రెండింటితో డబ్బు మాత్రమే పోతుంది. మూడోదానితో సౌండే పోతుంది. మిక్సర్ ముందు కొత్తగా కూర్చునేవారికీ, సభలు నిర్వహించేవారికీ పనికొస్తుందనిపిస్తే ఈ ఉత్తరం ప్రచురించగలరు.

మేం చెప్పదలచింది ఒక్కటే. మైకు స్థాయిని చానల్‌లో (మిక్సర్ మీద ఆ మైకుకు కేటాయించిన నాబుల వరసలో) మొట్టమొదటి నాబ్ దగ్గరే, అంటే గెయిన్ దగ్గరే, సరిగ్గా పెట్టాలి. అక్కడ జరిగిన తప్పును తరవాత వచ్చే ఏ నాబూ సరిదిద్దలేదు. కంప్రెసర్ అయితే దాన్ని ఇంకా పెద్దది చేసి చూపిస్తుంది.

మైకులోంచి వచ్చే సిగ్నల్ ఎంత చిన్నదో చాలామంది ఊహించరు. చేత్తో పట్టుకునే మామూలు డైనమిక్ మైకు ముందు 94 డెసిబెల్స్ శబ్దం చేస్తే, దాని కేబుల్ చివర వచ్చే వోల్టేజీ 2 మిల్లీవోల్టులు కూడా ఉండదు. ప్రొఫెషనల్ పరికరాలు ఒకదానికొకటి పంపుకునే లైన్ స్థాయి 1.23 వోల్టులు. అక్కడికి చేరాలంటే ఆ సిగ్నల్ 600 రెట్లకు పైగా పెరగాలి, డెసిబెల్స్ లెక్కలో 56 దాకా. ఆ పని చేసేది ప్రీయాంప్. గెయిన్ నాబ్ తిప్పినప్పుడు మనం తిప్పేది దాన్నే. చానల్ అడుగున పైకీ కిందికీ జరిపే ఫేడర్ పని వేరు. అప్పటికే పెరిగి వచ్చిన సిగ్నల్‌లో ఎంత ముందుకు వెళ్లాలో మాత్రమే అది చూసుకుంటుంది. గెయిన్, ఫేడర్ రెండూ వాల్యూమే కదా అనుకుని ఏది చేతికి దగ్గరుంటే దాన్ని కదపడమే మా రంగంలో అన్నిటికంటే పాత జబ్బు.

ప్రీయాంప్‌కు ఒక హద్దు ఉంటుంది. అనలాగ్ మిక్సర్లలో చాలావాటికి అది మామూలు పని స్థాయి కన్నా 16 నుంచి 18 డెసిబెల్స్ పైన ఉంటుంది. డిజిటల్ మిక్సర్లో మీటర్ మీద 0 అని రాసి ఉన్నదే ఆఖరి గీత, దాని పైన ఏమీ లేదు. అందుకే అక్కడ పని స్థాయిని మైనస్ 18 లేదా మైనస్ 20 దగ్గర పెట్టుకుంటాం. ఈ తేడా తెలియక అనలాగ్ మీద నేర్చుకున్నవారు డిజిటల్ మీటర్లో కూడా సూచికను 0 దాకా తీసుకెళ్లాలని చూస్తారు. అనలాగ్ మీటర్ 0 దాటినా ఇంకా చోటు ఉంటుంది, డిజిటల్ మీటర్ 0 తాకిందంటే సిగ్నల్ అల కొస తెగిపోయిందనే (దీన్నే క్లిప్ అంటాం). తెగిన కొస మళ్లీ రాదు. ఫేడర్ దించితే తెగిన అలే చిన్నగా వినపడుతుంది. ఈక్వలైజర్‌తో ట్రెబుల్ తగ్గిస్తే గరగర కాస్త మెత్తబడుతుంది గానీ మాట స్పష్టత దానితోపాటే పోతుంది. కంప్రెసర్ ప్రీయాంప్ తరవాతే వస్తుంది కాబట్టి తనకంటే ముందు జరిగిన నష్టాన్ని అది చూడనే చూడలేదు.

మాటలోనూ పాటలోనూ సగటు స్థాయి కన్నా పీకులు, అంటే క్షణంపాటు లేచే కొసలు, 12 డెసిబెల్స్ పైగానే లేస్తాయి, ఒక్కోసారి 18 కూడా. మీటర్‌పై సగటు మైనస్ 18 దగ్గర ఉంటే పీకులు మైనస్ 6 దాకా వస్తాయి, మిగిలిన 6 ఎప్పుడో వచ్చే కేకకు చోటు. సగటును మైనస్ 8కి లాగి 'లెవల్ బాగా వస్తోంది' అనుకుంటే ప్రతి గట్టి మాటా తెగుతుంది. రికార్డింగ్‌లో గీత దాకా తోయాలన్న అలవాటు టేపు రోజుల నుంచీ, 16 బిట్ రోజుల నుంచీ వచ్చింది. టేపుకు హిస్ (బుసలాంటి చప్పుడు) ఉండేది, 16 బిట్ డిజిటల్ రికార్డింగ్‌కు సిద్ధాంతరీత్యా దొరికే వ్యాప్తి, అంటే అతి చిన్న సౌండ్‌కూ అతి పెద్దదానికీ మధ్య దూరం, 96 డెసిబెల్స్. ఇప్పుడు 24 బిట్‌లో అది 144. పీకు మైనస్ 10 దగ్గర ఆగినా పోయేది ఏమీ లేదు.

ఇక పెట్టే పద్ధతి. చానల్ మ్యూట్ చేసి, గెయిన్ పూర్తిగా ఎడమకు తిప్పి, ఈక్వలైజర్ నాబులన్నీ మధ్యలో ఉంచి, కంప్రెసర్, గేట్ (మాట లేనప్పుడు మైకును మూసేది) ఆపేసి మొదలుపెట్టాలి. ఆ చానల్ పీఎఫ్ఎల్ (ఫేడర్‌కు ముందు స్థాయిని చూపే) బటన్ నొక్కితే ఫేడర్ ఎక్కడున్నా మీటర్ ఆ చానల్ అసలు స్థాయిని చూపిస్తుంది. మైకు పట్టుకున్న మనిషి కార్యక్రమంలో ఎంత దూరంలో, ఎంత గట్టిగా మాట్లాడతారో అలాగే కనీసం అర నిమిషం మాట్లాడాలి. 'హలో, హలో, మైక్ టెస్టింగ్, వన్ టూ త్రీ' అనడం కొలత కాదు. ఆ మూడు మాటలూ అందరూ ఒకే గొంతుతో పొడిపొడిగా అంటారు. చేతిలో ఉన్న కాగితంలోంచి ఒక పేరా చదవమనండి, గాయకులైతే పాటలో అన్నిటికంటే పై స్థాయికి వెళ్లే చరణం పాడమనండి. గెయిన్ మెల్లగా పెంచుతూ పీకులు మైనస్ 10 దగ్గరికి వచ్చాక ఆపండి. మీటర్ లేకుండా పీక్ లైటు ఒక్కటే ఉన్న చిన్న మిక్సరైతే, లైటు వెలిగేదాకా పెంచి అక్కడి నుంచి 10 డెసిబెల్స్ వెనక్కి తగ్గండి. లైటు క్లిప్‌కు కొన్ని డెసిబెల్స్ ముందే వెలిగే మిక్సర్లు చాలా ఉన్నాయి. అయినా ఆ కాస్త దయను నమ్ముకుని పని చేయకూడదు.

జనం నిండాక, ఉత్సాహం వచ్చాక గొంతు 6 డెసిబెల్స్, కొందరిలో అంతకుమించి పెరుగుతుంది. సౌండ్ చెక్‌లో మైనస్ 6 దాకా వచ్చిన పీకు కార్యక్రమంలో 0 తాకుతుందన్నమాట. మైనస్ 10 దగ్గర ఆపమనేది అందుకే.

గెయిన్ కుదిరాక మ్యూట్ తీసి, మాస్టర్ ఫేడర్ (అన్ని చానళ్లనూ కలిపి నడిపేది) 0 గీత మీద పెట్టి, చానల్ ఫేడర్ పైకి తేవాలి. అది కూడా 0 గీతకు కాస్త అటూ ఇటూ ఉన్నప్పుడు హాల్లో కావలసినంత సౌండ్ వస్తే అంతా కుదిరినట్టు. ఫేడర్ అడుగున ఉండగానే హాలు అదిరిపోతోందంటే యాంప్లిఫయర్ లేదా పవర్డ్ స్పీకర్ వెనక ఉన్న నాబ్ తగ్గించాలి, చానల్ గెయిన్ కాదు. ఫేడర్ స్కేలు చూస్తే కారణం తెలుస్తుంది. 0 గీత దగ్గర వేలు ఒక సెంటీమీటరు కదిపితే కొన్ని డెసిబెల్సే మారతాయి, అడుగున అంతే కదలికకు 20 దాకా మారిపోతాయి. అడుగున నడిపే ఫేడర్‌తో సన్నని సవరణ చేయడం ఎవరి వల్లా కాదు. దీనికి వ్యతిరేకమైన తప్పు కూడా ఉంది: గెయిన్ బాగా తక్కువ పెట్టి, ఫేడర్, మాస్టర్, యాంప్లిఫయర్ అన్నీ చివరికంటా తోయడం. అప్పుడు మిక్సర్ లోపలి సర్క్యూట్ల హిస్ అంతా మాటతో సమానంగా పెరిగి వస్తుంది.

కార్యక్రమం నడుస్తుండగా గెయిన్ ముట్టుకోవద్దని మేం గట్టిగా చెప్పేందుకు ఇంకో కారణం ఉంది. వేదిక మీది మానిటర్లకు (వక్తకు తన మాట వినిపించే స్పీకర్లకు) పోయే ఆక్స్ అనే విడి దారి సాధారణంగా ఫేడర్ కంటే ముందు నుంచి తీసుకుంటుంది. హాల్లో సౌండ్ చాలలేదని గెయిన్ 6 డెసిబెల్స్ పెంచితే మానిటర్‌లోనూ 6 పెరుగుతుంది, మైకుకు ఎదురుగా ఉన్నది ఆ మానిటరే. కూత వెంటనే మొదలవుతుంది. ఆపరేటర్ స్పీకర్లను అనుమానిస్తాడు. హాల్లో సౌండ్ కావాలంటే ఫేడర్ ఎత్తాలి.

ఎక్కువమంది పట్టించుకోని చోటు వైర్‌లెస్ మైకు. అక్కడ గెయిన్ ఒకటి కాదు. వక్త నడుముకు కట్టిన ట్రాన్స్‌మిటర్ లోపల ఒకటి, రిసీవర్ వెనక ఒకటి, మిక్సర్ మీద ఒకటి. ట్రాన్స్‌మిటర్‌లోనే అల తెగితే మిక్సర్ మీటర్ మైనస్ 20 చూపిస్తూనే ఉంటుంది, గొంతు మాత్రం పగిలి వినపడుతుంది. మీటర్ బాగుంది, సౌండ్ బాగాలేదు అనిపిస్తే మొదట చూడవలసింది రిసీవర్ మీద ఆడియో పీక్ లైటు. అది వెలుగుతుంటే ట్రాన్స్‌మిటర్ గెయిన్ తగ్గించాలి. రిసీవర్ వెనక మైక్, లైన్ అని స్విచ్చు ఉంటే అది లైన్ మీద ఉండి, మిక్సర్‌లో మైక్ ఇన్‌పుట్‌కు పెట్టినా ఇదే గతి. ల్యాప్‌టాప్ హెడ్‌ఫోన్ సాకెట్ నుంచి తీసిన తీగను మైక్ ఇన్‌పుట్‌లో గుచ్చితే గెయిన్ సున్నాలో ఉన్నా పగులుతుంది. లైన్ ఇన్‌పుట్‌కు మార్చాలి, లేదా స్థాయిని 20 డెసిబెల్స్ తగ్గించే ప్యాడ్ బటన్ నొక్కాలి, డీఐ బాక్స్ (అలాంటి సిగ్నల్‌ను మైక్ ఇన్‌పుట్‌కు సరిపడేలా మార్చే డబ్బా) ఉంటే ఇంకా మేలు.

ఫాంటమ్ పవర్ (మిక్సర్ కేబుల్ గుండా మైకుకు పంపే కరెంటు) గురించి రెండు ముక్కలు చాలు. కండెన్సర్ మైకుల్లో చాలావాటికి ఈ 48 వోల్టులు కావాలి, బ్యాలెన్స్‌డ్ కేబుల్ మీద ఉన్న డైనమిక్ మైకుకు దాని వల్ల నష్టం లేదు, పాత రిబ్బన్ మైకులతో మాత్రం జాగ్రత్త. చానల్ మ్యూట్ చేయకుండా ఆ స్విచ్చు వేయడం, తీయడం చేస్తే స్పీకర్లలో వచ్చే దెబ్బ ట్వీటర్లకు (ట్రెబుల్ పలికించే చిన్న స్పీకర్లకు) మంచిది కాదు.

మైకు దూరం సంగతి ఏ మిక్సర్ నాబూ భర్తీ చేయలేదు. దూరం రెట్టింపయితే సుమారు 6 డెసిబెల్స్ పడిపోతుంది. పెదవులకు 5 సెంటీమీటర్ల దూరంలో మొదలుపెట్టి 20కి జారిపోయిన వక్త 12 డెసిబెల్స్ పోగొట్టుకున్నారు. పైగా దగ్గరలో మైకు సహజంగా పెంచే బేస్ దూరం పోగానే మాయమై గొంతు పలచబడుతుంది. కంప్రెసర్ స్థాయిని కొంత సర్దుతుందేమో గానీ పోయిన బేస్‌నూ, దూరం వల్ల చొరబడిన గది ప్రతిధ్వనినీ సర్దలేదు. మైకు జాలీని గుప్పిట మూసి పట్టుకుంటే అది అన్ని వైపుల నుంచీ వినే మైకు అయిపోతుంది, కూత అడిగి తెచ్చుకున్నట్టే. నిర్వాహకులు వక్తకు కార్యక్రమానికి ముందు ఈ ఒక్క మాట చెప్పగలిగితే మా పని సగం తగ్గుతుంది.

లో కట్ అనీ హై పాస్ అనీ రాసి ఉండే బటన్ మాటకు ఎప్పుడూ నొక్కి ఉంచాలి. 80 నుంచి 100 హెర్ట్జ్ కింద మాట అర్థం కావడానికి అవసరమైనది దాదాపు ఏమీ లేదు. ఉండేవి వేదిక మీద అడుగుల చప్పుడు, మైకు పట్టుకున్న చేతి రాపిడి, ప, ఫ, బ, భ దగ్గర గాలి కొట్టినప్పుడు వచ్చే 'బుప్'. అవి వినపడకపోయినా కంప్రెసర్‌కు తగులుతాయి. చెవికి అందని ఒక్క 'బుప్' కోసం కంప్రెసర్ మొత్తం మాటను 10 డెసిబెల్స్ కిందికి నొక్కేస్తుంది, ఆ అక్షరం తరవాతి అక్షరాలు మింగేసినట్టు వినపడతాయి. అందుకే ఈ ఫిల్టర్ కంప్రెసర్ కంటే ముందు ఉండాలి. అయితే చాలా మిక్సర్లలో ఇది ప్రీయాంప్ తరవాతే పని చేస్తుంది. 'బుప్' ప్రీయాంప్‌ను తెగ్గొడితే ఈ బటన్ ఆదుకోదు. ఆ గాలికి మందు నురగ టోపీ, లేదా మైకును నోటికి సూటిగా కాకుండా కాస్త పక్కకు పట్టుకోవడం.

ఇప్పుడు కంప్రెసర్. అది చేసేది గట్టి సౌండ్‌ను తగ్గించడం మాత్రమే. చిన్న సౌండ్‌ను పెంచుతుందన్న భ్రమ మేకప్ గెయిన్ వల్ల, అంటే తగ్గించాక మొత్తాన్ని మళ్లీ పెంచే నాబ్ వల్ల, వచ్చింది. లెక్క చూడండి. త్రెషోల్డ్ (ఏ స్థాయి దాటితే తగ్గించాలో చెప్పేది) మైనస్ 20, రేషియో (ఎన్నో వంతుకు తగ్గించాలో చెప్పేది) 3:1 అనుకుందాం. ఒక గట్టి మాట మైనస్ 8కి లేచింది, అంటే త్రెషోల్డ్ కంటే 12 పైకి. కంప్రెసర్ ఆ 12ను మూడో వంతు చేసి 4 మాత్రమే రానిస్తుంది. బయటికొచ్చేది మైనస్ 16, తగ్గింపు 8 డెసిబెల్స్. మైనస్ 24 దగ్గర ఉన్న మెల్లటి మాటను అది ముట్టుకోదు. రెండింటి మధ్య దూరం 16 నుంచి 8కి తగ్గింది. ఇప్పుడు మేకప్ గెయిన్ 4 ఇస్తే రెండూ 4 పైకి వస్తాయి, మెల్లటి మాట వెనక వరసకు అందుతుంది. కంప్రెసర్ మేలు ఇంతే. ఇంతవరకే వాడుకుంటే అది మంచి పనిముట్టు.

పెట్టేటప్పుడు రేషియో 3:1, అటాక్ (నొక్కడానికి పట్టే సమయం) 15 మిల్లీసెకన్లు, రిలీజ్ (వదలడానికి పట్టే సమయం) 150 మిల్లీసెకన్లు, మేకప్ సున్నా దగ్గర మొదలుపెట్టండి. మనిషి మాట్లాడుతుండగా త్రెషోల్డ్‌ను పైనుంచి మెల్లగా దించుతూ తగ్గింపు మీటర్‌నే చూడండి. మామూలు మాటకు 2, 3 డెసిబెల్స్, గట్టి మాటకు 6 చూపించాలి. వాక్యానికీ వాక్యానికీ మధ్య మీటర్ సున్నాకు తిరిగి రావాలి. ఎప్పుడూ సున్నాకు రాకుండా 4 దగ్గరే వేలాడుతుంటే త్రెషోల్డ్ మరీ కింద ఉంది: అది అదుపు చేయడం లేదు, ఊరికే వాల్యూమ్ తగ్గిస్తోంది. తగ్గింపు 10 దాటుతోందంటే కంప్రెసర్‌ను తిప్పడం మానేసి మైకు దూరం చూడండి.

అటాక్ మరీ వేగంగా, ఒక మిల్లీసెకను లోపల పెడితే క, ట, త, ప లాంటి అక్షరాల మొదటి దెబ్బ అణిగిపోతుంది. మాట మొద్దుబారుతుంది, స్పష్టత లేదని మనం ట్రెబుల్ పెంచుతాం, దాంతో స, శ, ష లు ఈలవేస్తాయి, ఇలా ఒకదాని వెనక ఒకటి. మరీ నెమ్మదిగా, 80 మిల్లీసెకన్లు దాటితే ప్రతి మాట మొదలూ కొట్టొచ్చి తరవాత పడిపోతుంది. రిలీజ్ మరీ వేగమైతే మాటల మధ్య ఊపిరి, ఫ్యాను చప్పుడు, గది హోరు లేచి పడుతుంటాయి. అంతకన్నా వేగమైతే లోతైన గొంతుల్లో అల ఒక్కో చుట్టునే కంప్రెసర్ వెంబడిస్తుంది. 100 హెర్ట్జ్ అలకు ఒక చుట్టు 10 మిల్లీసెకన్లే మరి, అందుకే గొంతు బొంగురుపోతుంది. రిలీజ్ అర సెకను దాటితే ఒక గట్టి మాట తరవాత వచ్చే రెండు మూడు మాటలు మునిగిపోతాయి.

బయటి ర్యాక్ కంప్రెసర్ అయితే దాన్ని చానల్ ఇన్సర్ట్ సాకెట్‌లో కలపాలి. చాలా మిక్సర్లలో ఆ ఒక్క సాకెట్‌లోనే జాక్ కొస సిగ్నల్‌ను బయటికి పంపుతుంది, రింగు తిరిగి తెస్తుంది. తారుమారు చేస్తే చానల్ మూగబోతుంది. లైన్ స్థాయిని ఎంచుకునే ప్లస్ 4, మైనస్ 10 స్విచ్చు మిక్సర్‌తో సరిపోలకపోతే సుమారు 12 డెసిబెల్స్ తేడా వచ్చి త్రెషోల్డ్ మీద రాసిన అంకెలకు అర్థమే ఉండదు. డిజిటల్ మిక్సర్లలో పాత పరికరాల నమూనాలు కూడా వస్తున్నాయి. వాటిలో 1176 అనే పాత కంప్రెసర్ నమూనా వాడేవారు గమనించాలి: దానికి త్రెషోల్డ్ నాబ్ లేదు, ఇన్‌పుట్ పెంచినకొద్దీ నొక్కుడు పెరుగుతుంది. అటాక్ నాబ్ కుడికి తిప్పితే వేగం పెరుగుతుంది, నెమ్మదించదు. ఈ తిరకాసు తెలియక గొంతు చంపుకున్నవారు చాలామంది.

గెయిన్‌కూ కంప్రెసర్‌కూ ఉన్న ముడి అసలు ఇక్కడుంది, మా ఉత్తరం ముఖ్యంగా దీనికోసమే. త్రెషోల్డ్ అంకె గెయిన్‌తో ముడిపడి ఉంది. పై లెక్కలో త్రెషోల్డ్ మైనస్ 20 పెట్టి కుదుర్చుకున్నాం. కార్యక్రమం మధ్యలో సౌండ్ చాలలేదని గెయిన్ 6 పెంచామనుకోండి. త్రెషోల్డ్ పైనున్న గట్టి మాట లోపలికి 6 పెరిగింది, బయటికి 2 మాత్రమే పెరిగింది. 'పెంచినా పెరగడం లేదే' అని ఇంకో 6 పెంచుతాం, ఇంకో 2 వస్తుంది. ఈలోగా ప్రీయాంప్ 12 డెసిబెల్స్ వేడెక్కింది, క్లిప్‌కు ఉన్న చోటంతా తినేశాం. త్రెషోల్డ్ కింద ఉన్న ఫ్యాను హోరు, పక్క మైకుల సౌండ్, మానిటర్ నుంచి తిరిగొచ్చే సౌండ్ మాత్రం పూర్తిగా 12 పెరిగాయి. మాట 4 పెరిగింది, చెత్త 12 పెరిగింది. అందుకే గెయిన్ ముందు ఖాయం చేసి, తరవాతే కంప్రెసర్ ఆన్ చేయాలి. ఏ కారణంతోనైనా గెయిన్ మార్చాల్సివస్తే త్రెషోల్డ్‌ను కూడా అంతే, అదే దిశలో మార్చాలి.

కూతకు కూడా ఇదే మూలం. వక్త మాట్లాడుతున్నంతసేపూ కంప్రెసర్ 6, 8 డెసిబెల్స్ నొక్కి ఉంచుతుంది. మాట ఆపగానే వదిలేస్తుంది. మేకప్ గెయిన్ మాత్రం అలాగే ఉంటుంది. మౌనంగా ఉన్న ఆ క్షణంలో మైకు అన్నిటికంటే ఎక్కువ గెయిన్‌తో తెరుచుకుని ఉందన్నమాట. మాట నడుస్తుండగా కాకుండా, వక్త ఊపిరి పీల్చుకునే విరామంలో కూత లేస్తుంటే నేరం కంప్రెసర్‌దే. ఈక్వలైజర్‌లో ఏ ఫ్రీక్వెన్సీ కోయాలా అని వెతకడం అప్పుడు వృథా. మేకప్ తగ్గించండి, త్రెషోల్డ్ ఎత్తండి. హాలు స్పీకర్లకు మేకప్‌ను తగ్గింపులో సగానికి మించనివ్వకపోవడం మా పద్ధతి. రికార్డింగ్‌కు ఆ భయం లేదు. వేదిక మానిటర్లకు కంప్రెసర్ దాటని సిగ్నల్ పంపగలిగితే ఇంకా మంచిది. డిజిటల్ మిక్సర్లలో ఆక్స్ ఎక్కడి నుంచి తీసుకోవాలో ఎంచుకునే వీలు చాలావాటిలో ఉంటుంది, తెరిచి చూసేవారే తక్కువ. తెరిచి ఉన్న మైకుల సంఖ్య రెట్టింపయిన ప్రతిసారీ కూతకు ఉన్న ఎడం 3 డెసిబెల్స్ తగ్గుతుంది: నాలుగు మైకులైతే 6, ఎనిమిదైతే 9. చర్చావేదిక మీద ఎనిమిది మైకులు తెరిచి, అన్నిటికీ కంప్రెసర్ వేసి, అన్నిటికీ మేకప్ ఇచ్చి, స్పీకర్ల కంపెనీని తిట్టడం న్యాయం కాదు. మాట్లాడని మైకు మూయాలి.

చిన్న మిక్సర్లలో వచ్చే ఒకే నాబ్ కంప్రెసర్ మీద మా అభిప్రాయం అడిగితే: పావు వంతు నుంచి మూడో వంతు దాకా తిప్పండి, ఆపైన వద్దు. దాని లోపల మేకప్ దానంతట అదే పెరుగుతుంది కాబట్టి తిప్పినకొద్దీ సౌండ్ 'బాగుపడినట్టు' అనిపిస్తుంది. గట్టిగా వినపడినదాన్ని చెవి మంచిదనుకుంటుంది.

ప్రసారానికి హాలు మిక్స్‌నే పంపడం ఇంకో పొరపాటు. హాల్లో సహజంగా గట్టిగా ఉన్నవాటిని మిక్సర్‌లో తగ్గించి ఉంచుతాం, ప్రసారంలో అవి వినపడవు. వేరే ఆక్స్ నుంచి విడి మిక్స్ తీసి, దానికి కంప్రెసర్, చివర పీకులను మైనస్ 1 దగ్గర ఆపే లిమిటర్ పెట్టాలి. కెమెరాకూ ఫోనుకూ ఉండే ఆటోమేటిక్ లెవల్ ఆపేయాలి. అది కూడా ఒక కంప్రెసరే, పైగా మొరటుది. రెండు కంప్రెసర్లు ఒకదాని వెనక ఒకటి పోట్లాడుకుంటే విరామాల్లో హోరు ఉబ్బుతుంది. కెమెరా సాకెట్ మైక్ స్థాయిదైతే మిక్సర్ లైన్ అవుట్‌ను నేరుగా ఇవ్వకుండా మధ్యలో 30 లేదా 40 డెసిబెల్స్ ప్యాడ్ ఉండాలి. స్థాయిని పీకులతో కాకుండా లౌడ్‌నెస్‌తో కొలవాలి. యూరప్ ప్రసార సంస్థల సంఘం 2010లో తెచ్చిన ఆర్128 సిఫారసు టీవీకి మైనస్ 23 ఎల్‌యూఎఫ్‌ఎస్ (లౌడ్‌నెస్‌ను కొలిచే ప్రమాణం) పెట్టింది. ఇంటర్నెట్ ప్రసారాల్లో మాటకు మైనస్ 16 చుట్టుపక్కల పెట్టుకునేవారు ఎక్కువ.

నిర్వాహకులకు ఒక మనవి. జనాన్ని లోపలికి వదిలే ముందు సౌండ్ కోసం అరగంట ఖాళీ హాలు ఇవ్వండి. అందులో ప్రతి మైకుకూ ఒక మనిషి కనీసం ఒక నిమిషం మాట్లాడాలి. ఆ సమయం ఇవ్వకపోతే పైన చెప్పిన పనులన్నీ ప్రారంభోపన్యాసం మీద ప్రయోగాలవుతాయి.

కంప్రెసర్ పెట్టడం పూర్తయ్యాక బైపాస్ (సిగ్నల్‌ను కంప్రెసర్ తాకకుండా పంపే బటన్) నొక్కి, తీసి పోల్చండి. పోల్చేముందు మేకప్‌ను సవరించి రెండు స్థితుల్లోనూ సౌండ్ ఒకే స్థాయిలో వినపడేలా చేసుకోవాలి, లేదంటే గట్టిగా ఉన్నదే నెగ్గుతుంది. స్థాయి సమానంగా ఉన్నప్పుడు వేసినా తీసినా తేడా తెలియకపోతే, ఆ వక్తకు కంప్రెసర్ అవసరం లేదు, తీసేసి ఉంచండి.

ఇట్లు,
మిక్సర్ దగ్గర పనిచేసే కొందరు సౌండ్ ఇంజనీర్లు